అబ్బాయికి ఫోన్‌పే, మామయ్యగారికి కవర్లు, మరి మీకు?

ప్రశ్న: మాది ఖమ్మం. మా వారిది ప్రైవేటు ఉద్యోగం. అబ్బాయి హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. ఫీజులు, మెస్ కాకుండా చేతి ఖర్చులకు నెలకు 6,000 పంపుతాం. పదో తారీఖు దాటీ దాటకముందే "అమ్మా, ఒక 500 వెయ్యవా" అని మెసేజ్ వస్తుంది. దేనికి అయిపోయాయిరా అంటే వాడికే సరిగా గుర్తుండదు. టీ, బిర్యానీ, రీఛార్జ్ అంటాడు. మామయ్యగారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఒకటో తారీఖునే బ్యాంకుకు వెళ్లి తన చిన్న పింఛను మొత్తం తెచ్చుకుని మందులకు, పాలకు, పేపరుకు అని కవర్లలో విడివిడిగా పెట్టుకుంటారు. "వాడి ఫోన్లోంచి ఆ యాప్ తీసెయ్, నోట్లిచ్చి పంపు, ఈ తరానికి అదుపు లేదు" అంటారు. మా వారేమో "కాలం మారింది నాన్నా" అని నవ్వేస్తారు, కానీ ఆయన జీతం కూడా ఇరవై తారీఖుకే అయిపోతోంది. నేనేం చేయాలి? యాప్ తీయించెయ్యనా? ఇంకో మాట, ఇది అడగొచ్చో లేదో. ఇదివరకు ఇంటి ఖర్చుల్లో రెండొందలో మూడొందలో మిగిల్చి బియ్యం డబ్బాలో దాచుకునేదాన్ని. ఇప్పుడు కిరాణా, కూరగాయలు అన్నీ మా వారే ఫోన్‌లో కొట్టేస్తారు. నా చేతికి డబ్బే రావడం లేదు. — ఒక అమ్మ, ఖమ్మం

సమాధానం: ముందు అడిగినదానికి సూటిగా చెప్తాను. యాప్ తీయించకండి. ఇంకో రెండేళ్లకు మీ అబ్బాయి ఉద్యోగానికి వెళ్తాడు, జీతం ఫోన్లోకే వస్తుంది, అప్పుడు ఖర్చు పెట్టడం నేర్పడానికి పక్కన ఎవరూ ఉండరు. నేర్చుకునేదేదో 6,000 దగ్గర నేర్చుకోవడం మేలు, 60,000 దగ్గర మొదలుపెడితే ఆ పాఠానికి పెద్ద ఫీజు కట్టాల్సి వస్తుంది. పైగా ఇప్పుడు హైదరాబాద్‌లో టీ బండి దగ్గర 500 నోటు ఇస్తే చిల్లర లేదంటారు, స్కానర్ ఉంది కదా కొట్టు బాబూ అంటారు. నోట్లిచ్చి పంపినా వారం తిరిగేసరికి వాడు ఎవరో స్నేహితుడికి ఆ నోట్లిచ్చి ఫోన్‌పే చేయించుకుంటాడు.

అయితే మామయ్యగారు చెప్పినదాన్ని చాదస్తం అని తోసేయొద్దు. ఆయన చూసిన జబ్బు నిజమే, మందు దగ్గరే నేను ఒప్పుకోను. "ఈ తరానికి అదుపు లేదు" అన్న మాట కూడా ఒప్పుకోను. ఎందుకంటే ఆయన తరానికి ఉన్న అదుపులో కొంత వాళ్లది, కొంత వాళ్ల జేబుది.

జేబులో 200 ఉంటే ఆ రోజుకు 200. ఇంకో వంద కావాలంటే బ్యాంకుకు వెళ్లి, ఫారం రాసి, లైన్లో నిలబడాలి, లేకపోతే ఎవరినో చేబదులు అడగాలి. రెండూ ఇబ్బందే, ఆ ఇబ్బంది వల్లనే సగం కోరికలు అక్కడే ఆగిపోయేవి. 500 నోటు ఉన్నా మార్చబుద్ధి అయ్యేది కాదు, మారిస్తే ఇక నిలవదు అని ఇంట్లో పెద్దవాళ్లు అనేవారు, అది నిజం కూడా. నోటు చేతిలోంచి వెళ్తుంటే కంటికి కనబడేది, మిగిలినవి మడతపెట్టి జేబులో పెట్టుకుంటుంటే ఎన్ని ఉన్నాయో వేళ్లకే తెలిసేది. అంటే లెక్క రాయడం, హద్దు పెట్టడం, కాస్త ఆపడం, ఈ మూడు పనులూ నోటు చేసి పెట్టేది. ఎవరూ దాన్ని పని అనుకోలేదు కాబట్టి, నోటు వెళ్లిపోయినప్పుడు ఆ పనులు ఎవరు చేస్తారని ఎవరూ అడగలేదు. మీ ఇంట్లో జరుగుతున్న గొడవంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. మామయ్యగారు ఆ పనుల్ని కవర్లకు అప్పజెప్పారు. మీ వారు, అబ్బాయి ఎవరికీ అప్పజెప్పలేదు.

డబ్బు ఇచ్చేటప్పుడు మనసుకు తగిలే చిన్న నొప్పి గురించి ఆర్థికశాస్త్రం చదివేవాళ్లు 1990ల నుంచీ మాట్లాడుతున్నారు. 2001లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రెలెక్, సిమెస్టర్ అనే ఇద్దరు ఒక ప్రయోగం వివరాలు అచ్చు వేశారు. మేనేజ్‌మెంట్ విద్యార్థులకు ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లు చూపించి ఎంతకు కొంటారో రాయమన్నారు. సగం మందికి నగదు ఇవ్వాలని, సగం మందికి క్రెడిట్ కార్డుతో కట్టాలని చెప్పారు. టికెట్లు అవే, విద్యార్థులు ఒకే రకం వాళ్లు, అయినా కార్డు వాళ్లు రాసిన ధర నగదు వాళ్లు రాసినదానికి దాదాపు రెట్టింపు. వాళ్లెవరూ పేదలూ కాదు, తెలివి లేనివాళ్లూ కాదు. ఇది చదివాకైనా మీ అబ్బాయిని "బుద్ధి లేదు" అనడం మానేయమని మామయ్యగారికి చెప్పండి, నా మాటగా.

అది క్రెడిట్ కార్డు కదా, బిల్లు తర్వాత వస్తుంది కదా, యూపీఐలో అప్పటికప్పుడే ఖాతాలోంచి పోతుంది కదా అని మీరు అడగొచ్చు. నిజమే, లెక్క ప్రకారం యూపీఐ నగదుతో సమానం. కానీ చేతికి అలా అనిపించదు. 10 రూపాయల టీకి, 40,000 రూపాయల ఫీజుకు వేలు చేసే పని ఒకటే: స్కాన్, అంకె, పిన్. నగదులో 40,000 ఇవ్వాలంటే కట్ట తీసి రెండుసార్లు లెక్కపెడతాం, 10 రూపాయలకు నాణెం ఇస్తాం. మొత్తం పెద్దదైతే శ్రమ కూడా పెద్దది. ఫోన్లో ఆ తేడా పోయింది. అదీకాక ఇచ్చిన తర్వాత ఎంత మిగిలిందో చాలాసార్లు కంటి ముందు ఉండదు, తెలుసుకోవాలంటే బ్యాలెన్స్ చూడటం అని ఇంకో పని, మళ్లీ పిన్. ఎంతమంది చూస్తారు?

మీ అబ్బాయి వయసు కూడా గుర్తుపెట్టుకోవాలి. 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది, అదే ఏడాది నవంబరు 8 రాత్రి 500, 1,000 నోట్లు రద్దయ్యాయి. అప్పటికి వాడు ప్రైమరీ స్కూల్ దాటుతూ ఉండి ఉంటాడు. 2020లో కరోనా వచ్చి నోటు ముట్టుకోవడానికే జనం భయపడినప్పుడు వాడికి పద్నాలుగు, పదిహేను. జేబులో సొంత డబ్బు పెట్టుకునే వయసు వచ్చేసరికి జేబే మారిపోయింది. మీకూ మీ వారికీ నోటు ఎలా పనిచేసేదో తెలుసు, తెలిసి వదిలారు. వాడికి వదలడానికి కూడా ఏమీ లేదు. 2025 ఆగస్టులో ఒక్క నెలలో దేశంలో యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. వాడు పెరిగింది ఆ ప్రవాహంలో. కాబట్టి "మా రోజుల్లో" అని మొదలుపెట్టే ఏ మాటా వాడి చెవికి ఎక్కదు, ఆ రోజులు ఎలా ఉండేవో వాడికి ఊహకు అందవు.

వాడి విషయంలో నాకు రెండు చోట్ల డబ్బు కారుతున్నట్టు అనిపిస్తోంది, ఒకటి స్నేహితులు, రెండోది మీరు.

స్నేహితుల సంగతి ముందు. ఇదివరకు హాస్టల్లో నలుగురు బిర్యానీకి బయల్దేరితే, డబ్బుల్లేని వాడు "నా దగ్గర లేవురా, మీరెళ్లండి" అనేవాడు. అందులో అవమానం లేదు, అందరికీ ఏదో ఒక రోజు అదే పరిస్థితి. ఇప్పుడు ఆ మాట చెల్లదు. "ఫోన్‌పే చెయ్, లేకపోతే నేను కొడతా, తర్వాత వెయ్" అంటారు. జేబు ఖాళీ అనే మర్యాదైన సాకు పిల్లల చేతుల్లోంచి పోయింది. ఇక మిగిలింది "నాకొద్దు" అని నోరు తెరిచి చెప్పడం, పంతొమ్మిదేళ్ల పిల్లాడికి స్నేహితుల మధ్య ఆ ముక్క అనడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. మీరు వాడితో మాట్లాడేటప్పుడు "ఎందుకు తింటున్నావ్" అని అడగకండి, "వద్దనాలనిపించినప్పుడు ఏం చెప్తున్నావ్" అని అడగండి. వాడికి ఒక సాకు కావాలి, మీరే ఇవ్వండి. "మా ఇంట్లో వారానికింతే వేస్తారు, శుక్రవారానికి అయిపోతుంది" అనేది నలుగురిలో చెప్పుకోగలిగిన మాట.

ఇప్పుడు మీరు. కోప్పడకండి. వాడు 500 వెయ్యమని మెసేజ్ పెట్టాక ఎంతసేపట్లో పంపుతున్నారు? నిమిషంలో పంపుతుంటారని నా ఊహ, ఎందుకంటే అడిగింది కన్నబిడ్డ, పంపడం తేలిక, పొయ్యి మీద కూర ఉండగానే అయిపోతుంది. మీ వారు చదువుకునే రోజుల్లో ఇంటికి ఉత్తరం రాస్తే మనియార్డరు రావడానికి వారం పట్టేది, ఆ వారం రోజులూ ఉన్నదాంట్లో ఎలా నెట్టుకురావాలో వాళ్లే చూసుకునేవారు. పొదుపు ఎవరూ క్లాసు పెట్టి చెప్పలేదు, ఆలస్యమే నేర్పింది. ఆలస్యం పోవడం మంచిదే, జ్వరం వస్తే పిల్లాడు వారం ఆగనక్కర్లేదు. కానీ బిర్యానీకి కూడా జ్వరానికి పంపినంత వేగంగా పంపుతున్నాం. వాడి ఫోన్ ఒక్కటే సమస్య అనుకుంటే మీ చేతిలో ఉన్న ఫోన్ మర్చిపోయినట్టే.

అందుకని 6,000 ఒకేసారి వేయకండి. వారానికి 1,400 లెక్కన ప్రతి సోమవారం వేయండి. శని, ఆదివారాల్లో వేస్తే ఆ రెండు రోజుల్లోనే అయిపోతాయి, సోమవారమైతే వారాంతానికి దాచుకోవడం వాడే నేర్చుకుంటాడు. ఐదు సోమవారాలు వచ్చిన నెలలో కొంచెం ఎక్కువవుతుంది, మిగతా నెలల్లో తలా 400 మీ దగ్గర మిగులుతుంది కాబట్టి దాదాపు సరిపోతుంది. మధ్యలో అడిగితే ఆరోగ్యం, ఇంటికి రావడానికి టికెట్, కాలేజీ వాళ్లు కట్టమన్నది, ఈ మూడింటికి వెంటనే పంపండి. మిగతా దేనికైనా "సోమవారం" అని ఒక్క మాట రాయండి, క్లాసు పీకకండి. మొదటి నెల మీకే కష్టంగా ఉంటుంది, వాడు మాడుతున్నాడేమోనని. మెస్ ఫీజు కట్టేశారు కదా, అన్నం ఉంటుంది.

వీలైతే వాడికి రెండో ఖాతా తెరిపించండి. ఫీజులకు, ఇంటి నుంచి వచ్చే పెద్ద మొత్తాలకు ఒకటి, దానికి యూపీఐ వద్దు. చేతి ఖర్చుకు ఇంకోటి, యాప్‌కు అది మాత్రమే కలపాలి. అందులో ఎంతుందో అంతే, తాతగారి కవరులాగా. యాప్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, వెనకాల ఉన్న సంచి చిన్నదవుతుంది.

ఎవరో మీకు యూపీఐ లైట్ పెట్టించమని, యూపీఐ సర్కిల్ పెట్టించమని చెప్తారు, రెండింటి మీదా నా అభిప్రాయం చెప్తాను. లైట్ అంటే ఖాతాలోంచి కొంత తీసి ఫోన్లోనే విడిగా పెట్టుకోవడం, 5,000 వరకు పెట్టొచ్చు, ఒక్కోసారి 1,000 లోపు అయితే పిన్ కూడా అడగదు. విడిగా పెట్టుకోవడం బాగానే ఉంది, కానీ మీ అబ్బాయికి ఇప్పుడు మిగిలిన ఒకే ఒక్క ఆటంకం ఆ పిన్, దాన్ని కూడా తీసేయడం నాకు నచ్చదు. సర్కిల్ 2024లో వచ్చింది. మీ ఖాతాలోంచి ఇంకొకరు కట్టేలా అనుమతి ఇవ్వడం. నెలకు 15,000 లోపు హద్దు పెట్టి వదిలేయొచ్చు, లేదా ప్రతిసారీ మీ దగ్గరికి వస్తే మీరు పిన్ కొట్టొచ్చు. ఈ రెండో పద్ధతి ఎదిగిన పిల్లాడికి దయచేసి పెట్టకండి. టిఫిన్ సెంటర్ దగ్గర వెనక లైన్ ఉండగా వాడు అమ్మ ఫోన్ ఎత్తాలని నిలబడి ఉంటాడు. దానివల్ల అదుపు రాదు, మీకు తెలియకుండా ఇంకో దారి వెతుక్కోవడం వస్తుంది.

ఆ ఇంకో దారే నన్ను భయపెట్టేది. దసరాకో సంక్రాంతికో ఇంటికి వచ్చినప్పుడు వాడి పక్కన కూర్చుని నెల రోజుల లావాదేవీలు ఇద్దరూ కలిసి చూడండి. మీరు ఫోన్ లాక్కుని చూడొద్దు, వాడి చేత్తో వాడే జరుపుతూ చదవనివ్వండి. చాలామంది పిల్లలు 20, 35, 60 అనుకున్నవి కలిపితే ఎంతైందో అప్పుడే మొదటిసారి చూస్తారు, మీరు ఒక్క మాట అననక్కర్లేదు. అయితే అందులో 500, 1,000, 2,000 అని రౌండు అంకెలు, అర్ధరాత్రి దాటాక, ఒకే పేరుకు మళ్లీ మళ్లీ వెళ్తుంటే, లేదా ఏదో తెలియని సంస్థ నుంచి డబ్బు వచ్చి వారంలో ఎక్కువై తిరిగి వెళ్తుంటే, అది బిర్యానీ ఖర్చు కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, కేంద్రం 2025లో చట్టం చేసింది, అయినా దొంగదారుల్లో నడిచేవి ఉన్నాయి. అప్పు యాప్‌ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో వాటి వేధింపుల మీద పోలీసులు వరసగా కేసులు పెట్టిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి, ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. అలాంటిది ఏదైనా కనబడితే ఆ క్షణంలో గొంతు పెంచకండి. "ఎంతైనా సరే చెప్పు, మేం ఉన్నాం" అనే మాట ముందు రావాలి, తిట్లు ఏమైనా ఉంటే నెల తర్వాత. బెదిరింపులు వస్తుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ మెసేజ్‌లు తీసేయకుండా ఉంచండి.

ఇక మీ వారు. ఆయన మీద మీరు పెద్దగా ఏమీ రాయలేదు, ఇరవై తారీఖుకే జీతం అయిపోతోందని ఒక్క వాక్యం రాశారు, నాకు అది అబ్బాయి 500 కంటే పెద్ద విషయంగా కనిపించింది. ఈ వయసు వాళ్ల డబ్బు టీ బండి దగ్గర పోదు. ఈఎంఐలు, ఒకసారి ఒప్పుకుని మర్చిపోయిన ఆటోపేలు, క్రెడిట్ కార్డు, వీటిలో పోతుంది. యూపీఐ ఆటోపే 2020 నుంచి ఉంది. ఒకసారి అనుమతి ఇస్తే తర్వాత 15,000 లోపు కోతలకు పిన్ అడగదు. ఒక రోజు ముందు మెసేజ్ పంపుతారు, కానీ రోజుకు వచ్చే మెసేజ్‌ల మధ్య ఎవరు చూస్తారు. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును కూడా యూపీఐకి కలపొచ్చు. అప్పుడు కిరాణా కొట్టు దగ్గర అదే స్కానర్, అదే పిన్, కానీ కడుతున్నది అప్పుతో. ఆయన యాప్‌లో ఆటోపే అనే చోటికి వెళ్తే నడుస్తున్నవన్నీ కనబడతాయి, అక్కడే ఆపేయొచ్చు. ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని చూడండి. "కాలం మారింది" అనడం తప్పు కాదు, మారిన కాలంలో నెలాఖరుకు పాలవాడికి ఎలా ఇస్తాం అనేదానికి అది జవాబు కాదు. కొడుకుకు వారం లెక్క పెట్టే ముందు తండ్రి తన లెక్క తేల్చుకోవడం బాగుంటుంది, పిల్లలు అది చూస్తారు.

మామయ్యగారి కవర్ల జోలికి వెళ్లకండి. ఆయనకు యూపీఐ నేర్పాలని పట్టుబట్టే మనవలు ప్రతి ఇంట్లో ఉంటారు, ఆయన ఇష్టపడితే నేర్పండి, లేకపోతే వదిలేయండి. చిన్న పింఛనులో నెల గడిపే మనిషి తన డబ్బు కళ్లతో చూసుకోవాలనుకోవడం వెనుకబాటుతనం అని నేను అనుకోను. ఒకవేళ వాడితే, ఒక్క ముక్క చిన్నపిల్లలకు చెప్పినట్టు మళ్లీ మళ్లీ చెప్పండి: డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు, ఎవరైనా "మీకు డబ్బు వేస్తున్నాం, పిన్ కొట్టండి" అంటే అది దొంగతనం, ఫోన్ పెట్టేయాలి.

ఆయన దగ్గర మీ అబ్బాయికి పనికొచ్చేది ఇంకోటి ఉంది. కండక్టరుగా ఆయన ప్రతి రోజూ డ్యూటీ దిగాక డిపోలో సంచి విప్పి, అమ్మిన టికెట్లకూ ఉన్న డబ్బుకూ లెక్క సరిచూసి అప్పజెప్పి ఇంటికి వచ్చేవారు, తగ్గితే సొంతంగా వేసుకోవాల్సిందే. రోజు లెక్క ఆ రోజే. ఇన్నేళ్లు చేసిన ఆ పని గురించి మనవడికి చెప్పమనండి, "నీకు అదుపు లేదు" అనే మాట పక్కన పెట్టి. రాత్రి పడుకునే ముందు ఆ రోజు పోయిన మొత్తం ఒక్క అంకె తాతకు మెసేజ్ పెట్టడం వాడికి రెండు నిమిషాల పని. దేనికి అయిందో రాయక్కర్లేదు, తాత సలహా ఇవ్వకూడదు, అంకె మాత్రమే. ఇద్దరికీ రోజూ ఒక పలకరింపు కూడా అవుతుంది. ఇది పనిచేస్తుందని హామీ ఇవ్వలేను, కానీ మీరు ప్రతి వారం ఫోన్లో గొడవపడటం కంటే దీని మీద నాకు నమ్మకం ఎక్కువ.

చివర్లో "అడగొచ్చో లేదో" అని మీరు రాసిన దాని దగ్గరికి వస్తాను. అడగాలి, అసలు ఉత్తరం అక్కడే మొదలుపెట్టాల్సింది. బియ్యం డబ్బాలో, పోపుల డబ్బాలో, చీరల మడతల్లో ఆడవాళ్లు దాచిన డబ్బును చాలామంది సరదా విషయంగా చెప్పుకుంటారు. నాకు అది ఎప్పుడూ సరదా విషయంగా అనిపించలేదు. సొంత జీతం లేని మనిషికి అదొక్కటే సొంత ఖజానా. పుట్టింటికి బస్సు చార్జీ, కూతురికి పరీక్ష ముందు కొనిచ్చే పెన్నుల పెట్టె, పక్కింటావిడ ఆపదలో అడిగితే ఇచ్చే చేబదులు, అన్నీ అందులోంచే. 2016 నవంబరులో ఎంతోమంది ఆ డబ్బును తీసి భర్తల ముందు పెట్టాల్సి వచ్చింది, బ్యాంకులో వేశాక అది ఇంటి డబ్బు అయిపోయింది. ఆ తర్వాత ఫోన్ వచ్చి ఇంకో అడుగు ముందుకు వేసింది. కిరాణా కొట్టుకు మీ వారే నేరుగా కొట్టేస్తే సరిగ్గా ఎంతైతే అంతే వెళ్తుంది, మిగిలే చిల్లర ఉండదు, బేరమాడి తగ్గించిన పది రూపాయలు మీ దగ్గరికి రావు. ఆయన మీ దగ్గర డబ్బు లాక్కోవాలని ఇలా చేయలేదు, తేలికని చేస్తున్నారు. కానీ చివరకు ఇల్లు నడిపే మనిషి చేతిలోంచి ఇంటి లెక్క జారిపోయింది. ఇరవై తారీఖుకే జీతం అయిపోవడానికీ దీనికీ సంబంధం ఉందని నా గట్టి అనుమానం, ఎందుకంటే మీ చేతిలో ఉన్నన్నాళ్లూ ఆ డబ్బుకు ఒక హద్దు ఉండేది, దాంట్లోంచి మీరు మిగిల్చారు కూడా.

కాబట్టి ఇంటి ఖర్చు మొత్తం, కిరాణా, కూరలు, పాలు, గ్యాస్, ఒకటో తారీఖునే మీ ఖాతాలోకి వేయమనండి. బతిమాలొద్దు, ఇంటి ఖర్చు తగ్గించడానికి ఒక పద్ధతి అని చెప్పండి, అది నిజమే. కొట్టు దగ్గర మీ ఫోన్‌తో మీరే కట్టండి, స్కానర్ అంటే భయమైతే నోట్లు తెచ్చుకుని కట్టండి, మీకు ఏది అదుపులో ఉంటే అదే. మిగిలింది మీది. ఆ మిగులు కూడా ఫోన్లో ఉంటే ఎవరో ఒకరు అడుగుతారు, మీ అబ్బాయితో సహా, అందుకని నెల మొదట్లోనే కొంత పక్కకు తీసేయండి. పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ నెలకు 100తో మొదలవుతుంది, ఐదేళ్లు కట్టాలి. మీ వీధిలో పొదుపు సంఘం ఉంటే అదీ మంచిదే, పది మంది ముందు కట్టాల్సి ఉంటుంది కాబట్టి ఎగ్గొట్టబుద్ధి కాదు. ఆ డబ్బును ఎవరి దగ్గరా దాచిపెట్టమని చెప్పడం లేదు, ఉందని చెప్పండి, ఎంతుందో చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒకటి చూసుకోండి. మీ పేరున ఖాతా ఉండే ఉంటుంది, గ్యాస్ సబ్సిడీకో ఇంకో పథకానికో తెరిచి ఉంటారు. దానికి ఏ ఫోన్ నంబరు ఇచ్చారు? చాలా ఇళ్లలో భార్య ఖాతాకు భర్త నంబరు ఇచ్చి ఉంటుంది, మెసేజ్‌లన్నీ ఆయనకు వెళ్తాయి, ఆ నంబరుతో తప్ప యూపీఐ పెట్టుకోవడం కుదరదు. పాస్‌బుక్, ఆధార్ తీసుకుని బ్యాంకుకు వెళ్లి మీ నంబరు మార్పించుకోండి. ఫారం వాళ్లే ఇస్తారు. ఈ ఒకటో తారీఖులోపే వెళ్లిరండి.